చింతపిక్కల లెక్క

పోయిన నెల మా ఇంటికి ఒక శుభలేఖ వచ్చింది. పసుపు రాసిన మూలలు, వినాయకుడి బొమ్మ, ముహూర్తం, కల్యాణ మండపం చిరునామా, అన్నీ మామూలే. అడుగున మాత్రం ఎర్ర అక్షరాలతో ఇలా ఉంది: "బంతి భోజనాలు మాత్రమే. బఫే లేదు. గుమ్మం దగ్గర ఇచ్చిన చింతపిక్క దయచేసి పారవేయవద్దు."

మా ఆయన అది చదివి పడీ పడీ నవ్వారు. "కట్నాలు చదివించొద్దు అని వేసినవాళ్ళని చూశాను గానీ, చింతపిక్క పారెయ్యొద్దని వేసినవాళ్ళని ఇదే చూడ్డం" అన్నారు. నాకు నవ్వు రాలేదు. శుభలేఖ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, కుక్కరు ఎన్ని కూతలు కూసిందో కూడా చూసుకోకుండా నిలబడ్డాను. శుభలేఖ పంపింది సన్నిబాబు, మా ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసే ఫైర్‌మన్. పెళ్ళి వాళ్ళబ్బాయిది. కానీ ఆ ఎర్ర అక్షరాల మాట మాత్రం రెండేళ్ళ కిందట పోయిన ఒక పెద్దాయనది.

ఆయన్ని మా చోడవరంలో ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు కాబట్టి నేనూ ఇక్కడ రాయను. "బంతుల బాబు" అంటే చాలు, వడ్డాది సంతలో కూరగాయలమ్మేవాళ్ళు కూడా ఇల్లు ఎటో చూపించేవారు. మామూలు రోజుల్లో ఆయన చెరుకుపిప్పితో అట్టలు చేసే మా ఫ్యాక్టరీలో జీతాల గుమాస్తా. ముహూర్తాల రోజుల్లో పెళ్ళిళ్ళలో బంతులు నడిపే పెద్దమనిషి. వంట చేసేవారు కాదు, వడ్డించేవారు కాదు, పైసా తీసుకునేవారు కాదు. నడుముకి ఎర్ర తువ్వాలు బిగించుకుని, ఏ బంతికి ఎన్ని ఆకులు వెయ్యాలి, ఎవరు కూర్చున్నారు, ఎవరింకా కూర్చోలేదు, ఇదంతా చూసేవారు. ఆయన నిలబడ్డ పెళ్ళిలో పప్పు మిగలడం గానీ, బూరెలు చాలకపోవడం గానీ ఎవరూ ఎరగరు.

పొట్టి మనిషి. బక్కగా ఉండేవారు. లెక్కపెట్టేటప్పుడు వేలు ఎత్తేవారు కాదు, గడ్డం మాత్రం కోడిపిల్ల గింజ ఏరుకున్నట్టు చిన్నచిన్నగా కదిలేది. "మనుసుల్ని ఏలెట్టి లెక్కెట్టకూడదమ్మా, మంచిది కాదు" అనేవారు. అందుకే ఆ చింతపిక్కలు. పెళ్ళి గుమ్మంలో గంధం రాసి, పన్నీరు చల్లాక, వచ్చినవాళ్ళ చేతిలో ఒక చింతపిక్క పెట్టేవారు. భోజనానికి కూర్చున్నాక దాన్ని ఆకు పక్కన ఉంచాలి. బంతి లేచాక ఆయన డబ్బా పట్టుకుని పిక్కలన్నీ ఏరేవారు. ఇచ్చినన్ని పిక్కలూ తిరిగొస్తే అందరూ తిన్నట్టు. మొదట్లో వక్కలు ఇచ్చేవారట. సగంమంది నమిలేశారట. "సింతపిక్క ఎవడూ నమల్డు" అని చెప్పేటప్పుడు, ఆ మాట కనిపెట్టడానికే పుట్టినంత గర్వం ఆ మొహంలో.

నేను ఆ ఫ్యాక్టరీలో చేరింది జీతాల సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి. బీకాం కంప్యూటర్స్ చేసి, విశాఖపట్నంలో పది రోజుల ట్రైనింగు అయి, మెళ్ళో తాడుకి ఐడీ కార్డు వేలాడుతుంటే ఆంధ్రా యూనివర్సిటీ మొత్తం నేనే కట్టించినట్టు నడిచేదాన్ని. జీతాల గుమాస్తా ముసలాయన అని విన్నాను. ఇంకేముంది, కంప్యూటరంటే మండిపడతాడు, నా కీబోర్డు మీద టీ ఒంపుతాడు అని ముందే అనుకున్నాను. కత్తి నూరుకుని వెళ్ళాను.

మొదటి రోజు ఆయన బల్ల పక్కన కుర్చీ వేసుకుని, పాఠం చెప్పడం మొదలుపెట్టాను.

"జీతంలో ఉండే ముక్కల్ని పే కాంపొనెంట్స్ అంటారు బాబాయి గారూ. బేసిక్, డీఏ, ఇంటద్దె, నైట్ షిఫ్ట్ అలవెన్సు, బట్టలుతుకు అలవెన్సు, ఓటీ. వీటిని గ్రూపులు కట్టాలి. పీఎఫ్ దేని మీద కొయ్యాలి, సెలవు డబ్బు దేని మీద కట్టాలి అన్నది సాఫ్ట్‌వేర్ ఆ గ్రూపు చూసి తేల్చుకుంటుంది."

ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసి నన్ను చూశారు. "అంటే బంతులు."

"గ్రూపులండీ."

"అదేనమ్మా, బంతులే. పీఎఫ్ బంతి, ఈఎస్సై బంతి, సెలవుల బంతి. ఏ బంతిలో ఎవుడు కూకుంటాడో సెప్తే, ఎంత వడ్డించాలో అది సూసుకుంటాది. అంతేనా?"

అంతే. పది రోజుల ట్రైనింగులో మాకు ప్రొజెక్టరు మీద బొమ్మలు వేసి చెప్పినదాన్ని ఆయన టీ గ్లాసు కింద పెట్టేలోపల చెప్పేశారు. నాకు ఒళ్ళు మండింది. ఆయన మాత్రం బల్ల మీదకి వంగి, గొంతు తగ్గించి, పెళ్ళికూతురి గోత్రం కనుక్కున్నంత జాగ్రత్తగా ఒక ప్రశ్న అడిగారు.

"ఒకడు రెండు బంతుల్లో కూకోవచ్చా?"

"కూర్చోవచ్చు. ఎన్నిట్లోనైనా పెట్టుకోవచ్చు. ఒకసారి మార్చితే అన్ని చోట్లా మారిపోతుంది."

ఆయన కుర్చీ మానిటర్ వైపు తిప్పుకుని కూర్చున్నారు. తర్వాత తెలిసింది ఎందుకో. ఆయన ఉద్యోగమంతా బేసిక్‌ని ఒక రిజిస్టర్లోంచి ఇంకో రిజిస్టర్లోకి, అందులోంచి మరోదానిలోకి చేత్తో ఎక్కిస్తూనే గడిచింది. ఒక్కచోట ఇంక్రిమెంటు దిద్దడం మరిచిపోతే ఒకడికి సెలవు జీతం తగ్గేది. ఆయన కంప్యూటరు మీద పగబట్టలేదు. దాని కోసం ఎదురుచూస్తూ ఉన్నారు. "ఇన్నాళ్ళూ ఏటి సేస్తన్నావే నువ్వు, ముందే రావొచ్చు కదా" అని మానిటర్ని చూస్తూ అన్నారు. నన్ను కాదు.

ఆ మర్నాడు నేను చేసిన ఘనకార్యం చెప్పకుండా దాటేస్తే ఆయన ఎక్కడున్నా ఊరుకోరు. గ్రూపులన్నీ కట్టాను. మొత్తం జీతం ఎంతో చూపించడానికి ఆ గ్రూపుల మొత్తాలన్నీ కలిపేశాను. మాదిరి స్లిప్పులు తీస్తే గేటు దగ్గర వాచ్‌మన్ జీతం మేనేజరు జీతాన్ని దాటిపోయింది. మేనేజరు గారు నెమ్మదస్తులు. స్లిప్పు రెండు వైపులా తిప్పి చూసుకుని, "నేను గేటు దగ్గర కూర్చుంటానమ్మా, నాకే అభ్యంతరమూ లేదు" అన్నారు.

బంతుల బాబు నవ్విన నవ్వుకి పక్కగదిలో టైమ్‌కీపరు లేచి వచ్చాడు. ఆ తర్వాత ఆయన తిట్టలేదు. గోదాములోంచి అట్టముక్కలు తెప్పించారు. పొడుగాటి ముక్కలు బల్ల మీద వరసగా పరిచి, ఒక్కోదాని మీద ఒక్కో బంతి పేరు రాశారు. చిన్న ముక్కలు కోసి వాటి మీద బేసిక్, డీఏ, ఓటీ అని రాశారు. బేసిక్ ముక్కలు ఐదు కావలసి వచ్చాయి, ఐదు బంతుల్లోనూ ఉంటాడు కాబట్టి.

"సూడు గుంటా. ఈడు ఐదు బంతుల్లో కూకున్నాడు. ఐదుసార్లు బోయినం ఎట్టేవు నువ్వు. బంతి మొత్తం ఆ బంతికే. బంతులు బంతులు కలపకూడదు. ఇంటికొచ్చినోళ్ళు ఎంతమందో తెలవాలంటే గుమ్మం కాడ లెక్కెట్టు, బంతుల కాడ కాదు."

ఆ అట్టముక్కలు నా బల్ల సొరుగులో ఇప్పటికీ ఉన్నాయి. చెమట చేతులు తగిలి బేసిక్ ముక్కల అంచులు మెత్తబడ్డాయి. కొత్తగా చేరిన పిల్లలకి సాఫ్ట్‌వేర్ మాన్యువల్ ఇవ్వను, వాటినే ఇస్తాను.

ఆయన పద్ధతి ఒకటి నాకు మొదట పిచ్చిగా తోచేది. జీతాలు తీశాక ఎవరైనా ముందు మొత్తం ఎంతైందో చూస్తారు. ఆయన మొత్తం జోలికే పోరు. "ముందు ఆకులు, తర్వాత వడ్డన" అనేవారు. పీఎఫ్ బంతిలో ఎంతమంది? పోయిన నెల ఎంతమంది? తేడా ఉంటే, వచ్చినవాడెవడు, వెళ్ళినవాడెవడు? ఒక్కొక్కరి పేరు చెప్పాలి. పేరు చెప్పలేకపోతే ఆ నెల జీతం ఆ బల్ల దాటదు. తలలన్నీ సరిపోయాకే రూపాయిలు చూసేవారు. అవీ సరిపోతే అరచేత్తో బల్ల మీద ఒక్కటి చరిచి, "బంతి లేచింది!" అని అరిచేవారు. ఆ అరుపు విని క్యాంటీన్ వాడు అడక్కుండానే టీ పంపేవాడు. కంప్యూటరు కూడుతుంటే మనుషుల్ని లెక్కపెట్టడమేమిటి అని నేను లోలోపల విసుక్కునేదాన్ని. ఒకసారి పైకే అన్నాను కూడా. ఆయన ఏమీ అనుకోలేదు. "కూడికలో తప్పు అది సెయ్యదమ్మా. ఎవుణ్ణి పిలవాలో మనం సెప్పేం కదా, తప్పు అక్కడుంటాది" అన్నారు.

సెప్టెంబరు జీతాలు పాత పద్ధతిలోనూ కొత్త పద్ధతిలోనూ తీశాం. పైసాతో సహా సరిపోయాయి. నేను కాలర్ ఎగరేశాను. అక్టోబరు నుంచి ఒక్క సాఫ్ట్‌వేరే.

అక్టోబరులో బాయిలర్ విప్పి బాగుచేశారు. దాని దగ్గర పనిచేసేవాళ్ళందరికీ నెలంతా ఓటీ, అదే ఓవర్‌టైము, పడింది. నేను జీతాలు తీశాను, మాదిరి స్లిప్పులు పంచాను, కార్మికుల వైద్య బీమాకి పంపే ఈఎస్‌ఐ ఫైలు తయారుచేశాను. సాయంత్రం ఐదింటికల్లా అది పంపాలి. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆయన చెయ్యి తుడుచుకుంటూ వచ్చి మామూలు ప్రశ్న అడిగారు.

"ఈఎస్సై బంతిలో ఎంతమంది?"

చెప్పాను. గడ్డం కదిలింది.

"నలుగురు తగ్గేరు. ఎవరైనా రిటైరయ్యేరా?"

"లేదండీ."

"మానేసేరా?"

"లేదు."

"మరి ఎవరు లేపేరు ఆళ్ళని?"

నేను నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వుకి నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. "ఎవరూ లేపలేదు బాబాయి గారూ. ఈఎస్‌ఐకి ఒక హద్దు ఉంటుంది కదా, జీతం అది దాటితే ఆ పథకంలోంచి బయటికి వచ్చేస్తారు. ఈ నెల ఈ నలుగురూ దాటారు. రూలు."

ఆ మాట నా నోట్లో ఉండగానే సన్నిబాబు వచ్చాడు. ఒళ్ళంతా మసి. చేతిలో మాదిరి స్లిప్పు. మొహం వెలిగిపోతోంది.

"మేడం గారూ, ఈ నెల ఈఎస్సై కోత నేదు! బాగానే వచ్చింది చేతికి. మా గుంటకి పళ్ళూ పాలూ కొనుక్కోవచ్చు."

బంతుల బాబు అతని చేతిలోంచి స్లిప్పు తీసుకున్నారు. చదవలేదు. "నీ గుంటకి గుండె ఆపరేషన్ అన్నావు కదరా. ఎప్పుడు?"

"వచ్చే నెల రమ్మన్నారు బాబూ. విశాపట్నంలో పెద్దాసుపత్రికి రాసేరు."

"డబ్బులేటి కడతావు?"

"నేనెక్కడ కట్టగల్ను? ఈఎస్సై కార్డు మీదే కదా!"

ఆయన నా వైపు చూశారు. కోపంగా కాదు. పదకొండేళ్ళ పిల్ల గుండెకి రంధ్రం ఉంది, దాన్ని పూడ్చే కార్డు తండ్రి ఉద్యోగంతో వచ్చింది, ఆ కార్డుని నేను ఒక్క మీట నొక్కి తీసిపారేశాను. అది తెలియని తండ్రి నా దగ్గరికి వచ్చి సంతోషంగా నిలబడ్డాడు. ఆ ఫైలు వెళ్ళిపోతే సన్నిబాబు పేరు జాబితాలోంచి పోతుంది. మళ్ళీ ఎక్కించాలంటే ఎన్ని ఆఫీసులు, ఎన్ని నెలలు తిరగాలో ఎవరూ చెప్పలేరు. పిల్ల గుండె అన్ని నెలలు ఆగుతుందో లేదో అంతకన్నా చెప్పలేరు.

సన్నిబాబుని పంపేసి, ఆయన నా సొరుగు లాగి అట్టముక్కలు బయటికి తీశారు. ఈఎస్‌ఐ బంతి పరిచారు. అందులోంచి ఓటీ ముక్కని వేలితో పక్కకి జరిపారు.

"ఓటీ మీద కోత కొయ్యాల. అందుకని ఈడు కోత బంతిలో ఉండాల్సిందే. కానీ హద్దు దాటేడా నేదా అని సూసినప్పుడు ఓటీని కలపకూడదు. ఆ నెల పని ఎక్కువుంది, సేసేడు. జీతం పెరిగిపోనాదా ఏటి? అది ఏరే బంతి. రెండు బంతుల్ని నువ్వు ఒకే చాప మీద కూకోబెట్టేవు."

నిజం. ఆయన చేత్తో రాసిన రోజుల్లో హద్దు చూసే లెక్క ఆయన తలలో ఉండేది, కాగితం మీద ఉండేది కాదు. కాబట్టి నాకు కనబడలేదు. సెప్టెంబరులో ఎవరికీ ఓటీ లేదు కాబట్టి అప్పుడూ బయటపడలేదు. విశాఖపట్నం కంపెనీకి ఫోను చేశాను. అక్కడి కుర్రాడు తీరుబడిగా, "ఈఎస్‌ఐకి ఒకటే గ్రూపు ఉంటుంది మేడమ్, కోతకీ హద్దుకీ అదే. అది లాక్ చేసి ఉంటుంది. మీ రిక్వెస్టు నెక్స్ట్ వెర్షన్‌కి రాసుకుంటాం" అన్నాడు. మేనేజరు గారు గడియారం చూసుకున్నారు. "వాళ్ళే కాదన్నాక మనమేం చేస్తామమ్మా. ఇప్పటికి పంపేయండి. తర్వాత చూద్దాం."

అప్పుడు చూశాను ఆయన గొంతు పెరగడం, మొదటిసారీ ఆఖరిసారీ. "ఆకు ముందు కూకున్నోణ్ణి లేపీసి, తర్వాత సూద్దాం అంటే ఆడు మళ్ళీ వస్తాడా బాబూ? ఐదింటిదాకా టయిం ఉంది. ఈ గుంట సేస్తాది."

మేనేజరు గారు తన గదిలోకి వెళ్ళిపోయారు. బంతుల బాబు నా పక్కన కూర్చుని, నేను మెనూలు తెరుస్తుంటే, ఎవరో అడిగినట్టు ఒక కథ చెప్పారు. వయసులో ఉండగా బుచ్చయ్యపేటలో ఒక పెళ్ళికి బంతులు నడిపారట. రెండో బంతిలో ఒక ముసలాయన కూర్చున్నాడు. మొదటి బంతిలో ఇతన్ని చూశానే అనుకున్నారు ఈయన. పప్పు వడ్డిస్తూ ఉండగా వెళ్ళి చెవిలో, "నువ్వు తిన్నావు కదా తాతా, కొత్తోళ్ళకి సోటియ్యి" అన్నారు. ముసలాయన ఒక్క మాట అనకుండా లేచి, ఆకుకి దండం పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మొదటి బంతిలో కూర్చున్నది ఆయన తమ్ముడని సాయంత్రానికి తెలిసింది.

"తెల్లారి క్యారేజీ కట్టించుకుని సైకిలేసుకుని వడ్డాది ఎల్లేను. ఆళ్ళిల్లు ఎతికి పట్టుకున్నాను. కాళ్ళు పట్టుకున్నాను. ఆయన నవ్వేడమ్మా. 'ఆకలి నిన్నటిది బాబూ' అన్నాడు. క్యారేజీ ముట్టుకోనేదు."

చింతపిక్కలు అక్కడ మొదలయ్యాయి. జీతాల దగ్గర ముందు తలలు చూడడమూ అక్కడే మొదలైంది. "అడక్కుండా ఎవుణ్ణీ లేపకు గుంటా. అంతే. మిగతాదంతా కూడికే" అన్నారు.

నాకు కన్నీళ్ళకి స్క్రీను మసకబారింది. ముక్కు ఎగబీల్చి మళ్ళీ చూశాను. లాక్ చేసి ఉన్నది వాళ్ళు ఇచ్చిన గ్రూపు. సొంతంగా కొత్తది కట్టుకోవద్దని ఎక్కడా లేదు! కొత్త బంతి వేశాను. బేసిక్‌ని కూర్చోబెట్టాను, డీఏని కూర్చోబెట్టాను, ఇంటద్దెని, నైట్ షిఫ్టుని కూర్చోబెట్టాను. ఓటీని పిలవలేదు. పేరు దగ్గర "ఈఎస్‌ఐ హద్దు" అని పెట్టాను. ఇంక హద్దు చూసే ఫార్ములా ఏ గ్రూపుని చూడాలో దానికి చెప్పాలి. ఆ గడి ఎక్కడుందో వెతకడానికి ముప్పావుగంట పట్టింది. ఎవరూ తెరవని ఒక మూల మెనూలో నాలుగో పేజీ అడుగున ఉంది. పాత గ్రూపు పేరు తీసి కొత్తది పెట్టి, జీతాలు మళ్ళీ తీశాను.

ఆయన తల అటు తిప్పుకుని కూర్చున్నారు. "ఎంతమంది?" అన్నారు.

చెప్పాను. సన్నిబాబుతో సహా నలుగురూ ఆకుల ముందుకి వచ్చి కూర్చున్నారు. ఓటీ మీద కోత కూడా సరిగ్గా పడింది. ఆయన సెప్టెంబరు జాబితా పట్టుకుని పేర్లు ఒక్కొక్కటీ చదివించారు. అయ్యాక బల్ల మీద చరిచిన చప్పుడుకి నా పెన్‌స్టాండు కింద పడింది.

"బంతి లేచింది!"

నేనూ అరిచాను. జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు, నా పెళ్ళికి కూడా. ఐదింటికి ఇంకా పన్నెండు నిమిషాలుంది. మేనేజరు గారు పరుగెత్తుకొచ్చి, ఏమైంది ఏమైంది అని అడిగి, అయిందేమిటో విని, జేబులోంచి డబ్బు తీసి మాడుగుల హల్వా తెప్పించారు. సన్నిబాబు మాత్రం తన స్లిప్పులో కోత తిరిగొచ్చిందని మొహం వేలాడేసుకుని వచ్చాడు. బంతుల బాబు అతని నోట్లో హల్వా ముక్క కుక్కి, "కోత పడిందిరా, పండగ సేసుకో" అన్నారు. అతనికి అర్థమయ్యేసరికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఆ మసి ఒంటితోనే నేల మీద కూలబడి ఏడ్చాడు.

డిసెంబరులో పిల్లకి ఆపరేషన్ అయింది. మరుసటి ఏడాది కంపెనీవాళ్ళు ఫోను చేసి, ఆ రెండో గ్రూపు ఎలా కట్టారు మేడమ్ అని అడిగారు. వాళ్ళ కొత్త వెర్షన్‌లో అది అందరికీ ముందే కట్టి వస్తోంది. ఆ సాఫ్ట్‌వేర్ వాడే ప్రతి ఫ్యాక్టరీలోనూ మా చోడవరం బంతుల బాబు వేయించిన బంతి ఉంది. దాని పక్కన ఎవరి పేరూ లేదు. ఆ సంగతి చెబితే ఆయన, "బంతికి పేరెందుకమ్మా, ఆకులు సరిపోనాయా నేదా?" అన్నారు. అన్నారే గానీ, ఆ సాయంత్రం బజారులో టీ కొట్టు దగ్గర కనబడ్డ ప్రతివాడికీ చెప్పారట. నాకు తర్వాత తెలిసింది.

ఆయన ఆషాఢంలో పోయారు. పెళ్ళిళ్ళు లేని నెల చూసుకుని, ఏ బంతికీ ఇబ్బంది లేకుండా వెళ్ళాడు మహానుభావుడు అని ఊళ్ళో అందరూ అనుకున్నారు.

ఇదీ ఆ శుభలేఖ వెనకాల ఉన్నది.

పెళ్ళికి వడ్డాది వెళ్ళాను. గుమ్మంలో గంధం గిన్నె పట్టుకుని ఒక ఇరవయ్యేళ్ళ పిల్ల నిలబడి ఉంది. పట్టుపరికిణీ, దాని మీద నడుముకి బిగించిన ఎర్ర తువ్వాలు. మెడ కింద, జాకెట్టు అంచులోంచి పైకి, సన్నటి కుట్ల గీత కనబడింది. ఎవరో చెప్పక్కర్లేకపోయింది. నా చేతిలో చింతపిక్క పెట్టి, "పారీకండి అక్కా, లెక్క తప్పిపోద్ది" అంది. నేను తల ఊపి లోపలికి వెళ్ళాను.

మొదటి బంతి దగ్గరే నా ప్రాణం ఊరుకోలేదు. కొంగు దోపి పనసపొట్టు కూర గిన్నె అందుకున్నాను. రెండో బంతికి బూరెలు వడ్డించాను. మూడో బంతిలో పెరుగు. వంటవాళ్ళకి సలహాలిచ్చాను, వాళ్ళు వినలేదు. మూడో బంతి మధ్యలో ఎవరో పెద్దమనిషి ఒక తాతని భుజం తట్టి లేపబోయాడు. "ఈయన ఇందాకే తిన్నాడు" అన్నాడు. ఆ పిల్ల ఎక్కడినుంచి వచ్చిందో వచ్చింది. "అడక్కుండా ఎవుర్నీ లేపకండి బాబూ" అంది. నా చేతిలో పెరుగు గరిటె ఆగిపోయింది. తాత అప్పటిదాకా తినలేదట. అప్పుడు తిన్నాడు, నాలుగు బూరెలు.

ఆఖరి బంతి ముగిసింది. ఆకులు ఎత్తేశారు. పిల్ల అరుగు మీద కూర్చుని డబ్బాలో పిక్కలు పది పది చొప్పున పేర్చింది. గడ్డం కదులుతోంది! ఎవరు నేర్పారో, లేక తండ్రి నోట విని తనే నేర్చుకుందో. సన్నిబాబు పక్కన నిలబడి చూస్తున్నాడు.

"ఒక పిక్క తిరిగి రానేదు నాన్నా" అంది.

"ఎవరో జేబులో ఏసుకుని పోయుంటారు. వదిలీ అమ్మా, బంతి లేపీ."

"తినకుండా పోయుంటేనో?"

ఆ పిల్ల లేచి, మండపంలో మిగిలిన ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి అడగడం మొదలుపెట్టింది. వంటవాళ్ళని, మేళగాళ్ళని, ఫొటోలు తీసేవాణ్ణి. నేనూ ఉత్సాహంగా అటూ ఇటూ చూస్తున్నాను, ఎవరై ఉంటారా అని. నా దగ్గరికి వచ్చింది. నేను చేతిసంచి తెరిచాను. ఇంటి తాళాల పక్కన నల్లగా మెరుస్తూ ఉంది చింతపిక్క.

పొద్దుటినుంచి మూడు బంతులకి వడ్డించి, నేను కూర్చోవడమే మరిచిపోయాను.

సన్నిబాబు నెత్తి కొట్టుకున్నాడు. "మేడం గారూ!" అని, నేను వద్దంటున్నా వినకుండా, ఖాళీ అయిపోయిన మండపం మధ్యలో ఒక్క ఆకు వేయించాడు. ఆ పిల్ల నా ఎదురుగా కూర్చుని వడ్డించింది. పులిహోర, పనసపొట్టు, గుమ్మడికాయ దప్పళం, నా కోసం అడుగునుంచి వెతికి తెచ్చిన రెండు బూరెలు. అంతమంది నా ఒక్కదాని కోసం నిలబడి ఉంటే సిగ్గేసి గబగబా కలుపుతున్నాను. "తొందర నేదు అక్కా, నెమ్మదిగా తినండి" అంది. ఒకనాడు ఆ పిల్ల ఆకు నేనే తీసెయ్యబోయానని దానికి తెలుసో తెలియదో. ఆకలి మాత్రం ఇవాళ్టిదే. అందుకే దాని మొహం చూస్తూ, మజ్జిగ దాకా తృప్తిగా తిన్నాను.

ఆకు మడిచి, పిక్క ఇచ్చి లేచాను. పిల్ల దాన్ని డబ్బాలో వేసి మూత పెట్టింది. అప్పుడు అరుగు మీద అరచేత్తో ఒక్కటి చరిచి, మండపమంతా అదిరిపోయేలా అరిచింది.

"బంతి లేచింది!"